మందిచ్చే చేయి వేరు, పేరు చెప్పే నోరు వేరు

పాఠకుల ప్రశ్నలు – వైద్యుని జవాబులు

ఆఫ్రికా దేశాలలోని సంప్రదాయ వైద్యుల గురించీ, మంత్రగత్తె అన్న నిందతో అక్కడ ముసలివాళ్లు పడుతున్న హింస గురించీ ఈ శీర్షికలో కొన్ని మాటలు రాసిన తరువాత, ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాలలోని తెలుగు పాఠకులు ఉత్తరాలు రాశారు. చాలామంది అడిగింది ఆఫ్రికా గురించే అయినా, మనసులో ఉన్నది తమ ఊరి సంగతేనని చదువుతుంటే తెలిసిపోతూనే ఉంది. అందుచేత జవాబులలో రెంటినీ కలిపే చెబుతున్నాను. రాసినవారి క్షేమం కోరి పేర్లు తీసివేశాము.

ప్రశ్న: మా అబ్బాయి జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పెద్ద చదువులు చదివిన తోటి ఉద్యోగులు కూడా ‘సంగోమా’ల దగ్గరకు వెళ్లి ఎముకలు వేయించుకుని జోస్యం అడుగుతారని చెబుతున్నాడు. చదువు, పట్నం, జీతం అన్నీ వచ్చిన తరువాత కూడా ఈ నమ్మకాలు ఎందుకు పోవడం లేదు?
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: మాస్టారూ, ఆఫ్రికా అంటే 54 దేశాలు. ఒకచోటి సంగతి అన్నిచోట్లా అదే అనుకోకూడదు కనుక, మీ అబ్బాయి ఉన్న దక్షిణాఫ్రికా గురించే ముందు చెబుతాను. అక్కడ ‘ఇన్యాంగా’ అనేవారు ప్రధానంగా వేర్లు, ఆకులు, బెరళ్లతో మందు చేసేవారు. ‘సంగోమా’ అనేవారు పితృదేవతల పిలుపు అందిందని నమ్మి, ఒక గురువు దగ్గర దీర్ఘకాలం శిక్షణ పొంది, ఎముకలు, గవ్వలు వేసి రోగకారణం చెప్పేవారు. వీరిలో స్త్రీలే ఎక్కువ. ప్రభుత్వం వీరిని చూడనట్టు ఊరుకోలేదు. సంప్రదాయ ఆరోగ్య వైద్యుల కోసం 2007లో ఒక చట్టం చేసి, సోదె చెప్పేవారు, మూలికావైద్యులు, మంత్రసానులు, సంప్రదాయ పద్ధతిలో సున్తీ చేసేవారు అందరూ నమోదు చేసుకోవాలన్నది. ప్రిటోరియా దగ్గర ఒక అతిథిగృహంలో వంటపని చేసే స్త్రీ సంగోమా శిక్షణ కోసం సెలవు అడిగి, ఇవ్వకపోయినా వెళ్లినందుకు ఉద్యోగం పోగొట్టుకుంటే, ఆమెను తొలగించడం అన్యాయమని 2013లో అక్కడి అప్పీళ్ల సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఆ దేశంలో ఇది చాటుమాటు వ్యవహారం కాదు, కార్మిక చట్టం వరకూ వచ్చిన విషయం.

ఎందుకు పోవడం లేదన్న మీ ప్రశ్నకు, 1920లలో దక్షిణ సూడాన్ ప్రాంతంలో అజాండే ప్రజల మధ్య నివసించిన మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ చూపిన ఉదాహరణ చాలా ఉపయోగపడుతుంది. ఎండవేళ గాదె నీడలో జనం కూర్చుంటారు. ఒకనాడు ఆ గాదె వాళ్ల మీద కూలుతుంది. గుంజలను చెదలు తిన్నాయని అజాండేలకు తెలుసు, ఎవరూ కాదనరు. అయితే వాళ్లు అడిగేది వేరు: సరిగ్గా ఈ మనుషులు కింద కూర్చున్న గడియలోనే ఎందుకు కూలింది? చెదల గురించి చదువు చెబుతుంది కానీ ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పదు. మన దగ్గర దానికి కర్మ అనో, గ్రహచారం అనో సమాధానం చెప్పుకుంటాము. ఆ సమాధానం నిజమో కాదో అలా ఉంచితే, అందులో పక్కింటివారి పేరు రాదు. చేతబడి, చిల్లంగి అన్న సమాధానంలో మాత్రం తప్పకుండా ఒక మనిషి పేరు వస్తుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం నమ్మకంలో కన్నా ఆ పేరులో ఉంది.

ఇక పట్నం విషయానికి వస్తే, అది ఈ భయాన్ని కొన్నిసార్లు పెంచుతుంది కూడా. ఇంటిల్లిపాదిలో ఒక్కరికే ఉద్యోగం వచ్చినప్పుడు, మిగిలినవారి ఆశలు, అలకలు, అసూయలు అన్నీ ఆ ఒక్కరి చుట్టూ తిరుగుతాయి. కామెరూన్‌లో హఠాత్తుగా ధనవంతుడైనవాడు బంధువుల ప్రాణాలను అమ్ముకుని సంపాదించాడన్న అనుమానం పాతది, ఇప్పటికీ ఉన్నది. కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టే మనకు ఆ భయం బొత్తిగా అర్థం కానిదేమీ కాదు.

ప్రశ్న: ఆఫ్రికా నాటువైద్యుల మందులలో నిజంగా సరుకు ఉందా? మా ఇంటి ముందున్న బిళ్లగన్నేరు ఆఫ్రికా మొక్కేనని విన్నాను. షుగరుకు దాని ఆకులు నమలమని అందరూ చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: బిళ్లగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపమే. మధుమేహానికి దాన్ని వాడే అలవాటు చాలా దేశాలలో ఉండేది. ఆ అలవాటు నిజమేమో చూద్దామని 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, షుగరు సంగతి తేలలేదు కానీ ఎలుకలలో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్, తరువాత విన్‌క్రిస్టిన్ అనే మందులు వచ్చాయి. పసిపిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో విన్‌క్రిస్టిన్ ఈనాటికీ ముఖ్యమైన మందు. ఆ మొక్కకు శక్తి ఉన్నదని నాటువైద్యం పట్టుకోగలిగింది, అది ఏ రోగానికి పనికివస్తుందో, ఎంత మోతాదులో ఇవ్వాలో తేల్చడానికి ప్రయోగశాల కావలసివచ్చింది. రక్తకణాలను తగ్గించగల ఆకును మీరు రోజూ నమలడం మంచిది కాదు, దయచేసి మానండి. షుగరు మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. మా ఊళ్లలో జ్వరం వచ్చినా, పాము కరిచినా, పిల్లలకు ఫిట్స్ వచ్చినా ముందు పూజారి దగ్గరకే తీసుకుపోతారు. చేయి దాటాక ఆసుపత్రికి తెస్తారు. ఆఫ్రికాలో ఇలాంటివారిని నిషేధించారని ఎవరో అన్నారు. నేను కూడా వాళ్లతో తెగతెంపులు చేసుకోవాలా?
– సిరొంచా తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: వద్దమ్మా, ఆ పని చేయకండి. మీరు చెప్పిన నిషేధం టాంజానియాలో 2015 జనవరిలో ప్రకటించినది. అది వేరే ఘోరం కారణంగా వచ్చింది, చివరి జవాబులో చెబుతాను. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది ఉగాండా అనుభవం. ఎయిడ్స్ దేశాన్ని పీల్చివేస్తున్న రోజులలో, 1992లో, అక్కడి వైద్యులు సంప్రదాయ వైద్యులను కలుపుకుని ‘థీటా’ అనే సంస్థను నడిపారు. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడకూడదని, ఫలానా లక్షణాలు కనబడితే ఆసుపత్రికి పంపాలని, కండోమ్ గురించి సిగ్గుపడకుండా చెప్పాలని వారికి నేర్పారు, వారి మూలికల గురించి వారి దగ్గర తాము తెలుసుకున్నారు. రోగి ముందు ఎవరి గుమ్మం తొక్కుతాడో వారిని వదిలిపెట్టి చేసే ప్రజారోగ్యం నిలవదని వారికి అర్థమైంది.

టాంజానియాలో పిల్లలకు మలేరియా ముదిరి ఫిట్స్ వస్తే దాన్ని ‘దెగెదెగె’ అంటారు. అది జ్వరం వల్ల వచ్చింది కాదు, గాలి సోకడం అని చాలామంది తల్లులు నమ్మి నాటువైద్యుని దగ్గరకు పరుగెత్తుతారు. మీ జిల్లాలోనూ ప్రాణం మీదకు తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా తక్కువేమీ కాదు, బిడ్డ కళ్లు తేలవేసి కొట్టుకుంటుంటే దయ్యం పట్టిందనుకోవడమూ కొత్త కాదు. అయితే మీ ఊరి తల్లులకు ఒక సౌకర్యం ఉంది. మలేరియా రక్తపరీక్ష కిట్టు మీ సంచిలోనే ఉంటుంది. పూజారి ముంగిట్లోనే కూర్చుని, ఆయన ఎదుటే వేలిమీద చుక్క రక్తం తీసి, పట్టీ మీద గీత ఎలా వస్తుందో ఆయనకే చూపించండి. ‘గీత వస్తే దవాఖానాకు తీసుకుపొండి’ అన్న మాట ఆయన నోట వస్తే, మీరు ఇల్లిల్లూ తిరిగి చెప్పినదానికన్నా త్వరగా పని జరుగుతుంది.

పాముకాటు విషయంలో పూజారికి పేరు ఎలా వస్తుందో మీకు తెలిసి ఉండాలి. కరిచిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు, విషసర్పం కరిచినా కొన్నిసార్లు విషం దిగదు. అలా బతికినవారందరి లెక్కా మంత్రం ఖాతాలో పడుతుంది. కట్లపాము మరీ మోసకారి. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు, తెల్లవారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి అందదు. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయనివ్వకండి. కాలో చేయో కదలకుండా ఉంచి 108 బండిలో పంపండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు సూది ఉంది. పూజారి విభూతి పెట్టదలిస్తే బండి వచ్చేలోగా పెట్టనివ్వండి, ఆ విభూతి వల్ల ఎవరూ చచ్చిపోరు, ఆలస్యం వల్లే పోతారు. పాము, తేలు, కుక్క కరిచినవారిని ఆసుపత్రికి పోనీయకుండా మంత్రంతో ఆపడం మహారాష్ట్రలో 2013 చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి స్నేహంగానే ఆయన చెవిన వేయండి.

మీ జిల్లాలోనే అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు గోండు ప్రజలను అడిగి, వారు కోరినట్టు వారి గూడెం ఇళ్ల తీరున ఆసుపత్రి కట్టి, దానికి దంతేశ్వరీ మాత పేరు పెట్టారు. దేవత పేరున్నందువల్ల అక్కడ వైద్యశాస్త్రం ఏమీ తగ్గలేదు.

ప్రశ్న: మా వీధి చివర ఒక ముసలమ్మ ఒంటరిగా ఉంటుంది. ఈ వానాకాలంలో మా వాడలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. ఆమె చిల్లంగి పెట్టిందని గుసగుసలు మొదలయ్యాయి. కొందరు చందాలు వేసుకుని దూరాన ఉన్న గుణియా (సోదె చెప్పే మంత్రవైద్యుడు) దగ్గరకు వెళ్లి, ఎవరు చేశారో అడిగి వస్తామంటున్నారు. ఆఫ్రికాలో ఇలాంటి ముసలివాళ్ల కోసం శిబిరాలు ఉన్నాయట కదా. నాకు భయంగా ఉంది, నేనొక్కదాన్ని ఏమి చేయగలను?
– ఒక గృహిణి, గుణుపురం దగ్గరి గ్రామం

జవాబు: తల్లీ, మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా జవాబు రాశాము. ఇలాంటి స్థితిలో ఉన్న మరికొందరికి ఉపయోగపడుతుందని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

చందా వసూలు దగ్గరే ఆపాలి. గుణియా నోట పేరు వచ్చిన తరువాత ఆపడం చాలా కష్టం. దక్షిణాఫ్రికా ఉత్తరాన, ఇప్పుడు లింపోపో అంటున్న రాష్ట్రంలో, 1980, 1990లలో పిడుగు పడి ఎవరైనా చనిపోయినా, పడుచువాడు హఠాత్తుగా పోయినా, ఊరంతా డబ్బు పోగుచేసి దూరపు వైద్యుని దగ్గరకు పేరు అడగడానికి పోయేవారు. ఆ రాత్రో, మరునాడో ఇళ్లు తగలబడేవి, మనుషులు కాలిపోయేవారు. ఆ హత్యల మీద 1995లో ప్రొఫెసర్ రాలుషాయి అధ్యక్షతన విచారణ సంఘం వేయవలసివచ్చింది. అక్కడి 1957 నాటి చట్టంలో ఎన్నో లోపాలు ఉన్నా ఒక మంచి ఉంది: పేరు చెప్పినవాడినే కాక, పేరు చెప్పమని డబ్బిచ్చి అడిగినవాడినీ అది దోషిగా పట్టింది. మీ ఊళ్లో చందా వేస్తున్నవారు తాము వైద్యం కోసం పోతున్నామనుకుంటున్నారు. వారు పోతున్నది ఒక మనిషిని చంపడానికి అనుమతి తెచ్చుకోవడానికని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

ఎవరి మీద ఈ నింద పడుతుందో గమనించండి. టాంజానియాలో విక్టోరియా సరస్సుకు దక్షిణాన సుకుమా ప్రాంతంలో కళ్లు ఎర్రబడిన ముసలి స్త్రీలను మంత్రగత్తెలన్నారు. ఆ ఎరుపు జీవితమంతా పేడపిడకల పొగలో వంట చేసినందువల్ల వచ్చినది. ఘనాలో నింద పడేది ఎక్కువగా వితంతువుల మీద, పిల్లలు దూరాన ఉన్నవారి మీద, ఎదురుచెప్పే నోరున్నవారి మీద. మీ ముసలమ్మకు భూమి ఉన్నదా, ఆ భూమి హద్దు ఎవరితో ఉన్నది, ఆమె ఎవరికైనా అప్పు ఇచ్చిందా – ఈ మూడూ తెలుసుకుంటే గుసగుస ఎక్కడ పుట్టిందో చాలావరకు తెలుస్తుంది.

శిబిరాల గురించి అడిగారు. ఉత్తర ఘనాలో గంబాగా, గ్నాని, కుకువో వంటి చోట్ల ఊరి నుంచి తరిమివేతకు గురైన స్త్రీలు మట్టి గుడిసెలలో బతుకుతున్నారు. గంబాగాలో అక్కడి పెద్ద కోడిని కోసి, అది వెల్లకిలా పడి ప్రాణం విడిస్తే నిర్దోషి అంటాడు, బోర్లా పడితే దోషి అంటాడు. ఒక మనిషి బతుకు కోడి పడే తీరు మీద ఆధారపడటం ఎంత అన్యాయమో వేరే చెప్పనవసరం లేదు, కానీ ఊళ్లో రాళ్లదెబ్బలకు చావడంకన్నా అక్కడ ప్రాణమైనా దక్కుతుంది. అవి మూసివేయాలని ప్రభుత్వం సంకల్పించి, 2014లో బొన్యాసి శిబిరాన్ని మూసింది. అయితే శిబిరం మూసినంత మాత్రాన ఊరు మనసు మార్చుకోదు. 2020 జూలైలో కాఫాబా అనే ఊళ్లో 90 ఏళ్ల వృద్ధురాలిని సంతలో అందరూ చూస్తుండగా కొట్టి చంపారు. ఆ తరువాతే, మంత్రగత్తె అని ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ ఘనా పార్లమెంటు 2023 జూలైలో బిల్లు ఆమోదించింది. అప్పటి అధ్యక్షుడు సంతకం పెట్టలేదు.

మీకు ఆ ఇబ్బంది లేదు. ఒడిశాలో 2013 నాటి మంత్రగత్తె వేట నిరోధక చట్టం ఉంది. ఒక స్త్రీని మంత్రగత్తె అనడమే నేరం, దెబ్బ పడేదాకా ఆగనక్కరలేదు. మీరు ఒక్కరే ఠాణాకు పోవద్దు. అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశాను, మీ స్వయంసహాయక సంఘంలోని నలుగురు ఆడవాళ్లను కలుపుకుని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. రాత్రివేళ అలజడి మొదలైతే 112కు, స్త్రీల సహాయానికి 181కి ఫోన్ చేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

అదే రోజు ఇంకొక పని కూడా జరగాలి. ఇద్దరు పిల్లలు ఎందుకు పోయారో ఆరోగ్యశాఖ వచ్చి చూడాలని అర్జీ పెట్టండి. వాడలో అందరికీ రక్తపరీక్ష చేయించండి, తాగేనీటి బావి పరీక్ష చేయించండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ‘ఇదంతా మూఢనమ్మకం’ అని నోరు మూయించి పంపితే, ఆమె గుణియా దగ్గరకే పోతుంది. ఆమె అడుగుతున్న ప్రశ్న న్యాయమైనది, జవాబు మాత్రం రక్తపు చుక్కలో వెతకాలి.

మీ ప్రాంతంలోని గిరిజన పూజారులలో – సవర కుడాన్‌లలో, కోందుల బెజ్జునులలో, దిసారులలో – దేవతలకు, పితరులకు పూజ చేసి శాంతి చెప్పి పంపేవారూ ఉన్నారు, మనిషి పేరు చెప్పేవారూ ఉన్నారు. మొదటి తరహా పెద్ద ఎవరైనా ఉంటే, ఊరి సభకు ఆయన్నో ఆమెనో పిలిపించండి. కొందరికి నా మాట కన్నా, కలెక్టరు మాట కన్నా వారి మాటే ఎక్కువ. ప్రాణభయం తప్పదనిపిస్తే ముసలమ్మను కొన్నాళ్లు బంధువుల ఇంటికి పంపండి, కానీ భూమి పట్టా, పెన్షను పుస్తకం ఆమె వెంట ఉండేలా చూడండి. ఆమె ఊరు విడిచిందని ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షను ఆగకుండా పంచాయతీ కార్యదర్శికి ముందే చెప్పి ఉంచాలి.

ప్రశ్న: నిందలు వేసేవారిని శిక్షిస్తున్నారు, బాగానే ఉంది. మరి నిజంగా బాణామతి చేసేవారిని శిక్షించే చట్టం ఎందుకు పెట్టరు?
– ఒక పాఠకుడు, కిన్వట్, నాందేడ్ జిల్లా

జవాబు: అలాంటి చట్టం పెట్టిన దేశాలు ఉన్నాయి. అక్కడ జరిగింది చూస్తే మీకే సమాధానం దొరుకుతుంది. కామెరూన్ శిక్షాస్మృతిలోని 251వ సెక్షను మంత్రవిద్యను నేరంగా చెబుతుంది. అయితే కోర్టులో రుజువు చేయడం ఎలా? కంటికి కనబడనిదానికి సాక్షి ఉండడు కదా. అందుకని 1980ల నుంచి ఆ దేశపు తూర్పు ప్రాంతంలో ‘న్గంగా’ అనే నాటువైద్యులనే నిపుణులుగా కోర్టులోకి పిలిచి, ‘ఇతడు రాత్రివేళ ఆత్మరూపంలో తిరిగాడు, నేను చూశాను’ అన్న వారి మాట మీదనే మనుషులను జైలుకు పంపారు. మధ్య ఆఫ్రికా గణతంత్రంలోనూ అలాంటి చట్టమే ఉంది, రాజధాని బంగీ పక్కనున్న స్త్రీల జైలులో ఈ నేరం కిందే చాలామంది వచ్చి పడ్డారు, వారిలో వృద్ధులే ఎక్కువ. ఊళ్లో గుణియా చేసే పనిని న్యాయమూర్తి చేత చేయించడం తప్ప ఆ చట్టం సాధించింది ఏమీ లేదు.

మీ రాష్ట్రం వేరే దారి పట్టింది. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ ఏళ్ల తరబడి అడిగిన చట్టం, ఆయనను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపిన కొద్ది రోజులకు ఆర్డినెన్సుగా వచ్చి, ఆ ఏడాది డిసెంబరులో చట్టమైంది. బాణామతి నిజమా కాదా అని అది విచారించదు. తనకు శక్తులున్నాయని భయపెట్టడం, దయ్యం వదలగొడతానని కొట్టడం, ఫలానావారు చేతబడి చేశారని నింద వేయడం – కళ్లతో చూసి సాక్ష్యం చెప్పగల ఈ పనులనే అది శిక్షిస్తుంది, ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు వేస్తుంది. మీకు ఎవరైనా హాని చేస్తారన్న అనుమానం ఉంటే, విషం పెట్టడం, బెదిరించడం వంటివి మామూలు చట్టం కిందే నేరాలు. వాటికి ఆధారం ఉంటే ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: టాంజానియాలో తెల్లగా పుట్టినవారిని చంపి అవయవాలు అమ్ముతారని చదివాను. మా మేనకోడలు పుట్టుకతోనే తెల్లగా ఉంటుంది. ఆ వార్త చదివినప్పటి నుంచి మా వదిన నిద్రపోవడం లేదు.
– బరంపురం నుంచి

జవాబు: చర్మానికి, జుట్టుకు, కంటికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం పుట్టుకతోనే బాగా తక్కువగా తయారవడమో, అసలు తయారుకాకపోవడమో ఆల్బినిజం. తల్లిదండ్రులు ఇద్దరి నుంచీ వచ్చిన జన్యువు వల్ల కలుగుతుంది, ఎవరి పాపమూ శాపమూ కాదు. టాంజానియా, మలావీ ప్రాంతాలలో వారి అవయవాలతో చేసిన తాయెత్తు అదృష్టం తెస్తుందని కొందరు మంత్రగాళ్లు నమ్మించడం వల్ల హత్యలు జరిగాయి. నేను పైన చెప్పిన 2015 నిషేధం వాటివల్లనే వచ్చింది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి కూడా 2021లో ఈ దాడులను, మంత్రగత్తె నిందలను ఖండిస్తూ తీర్మానం చేసింది. మీ వదినగారికి ధైర్యం చెప్పండి.

వారు జాగ్రత్తపడవలసింది ఎండ విషయంలో. తూర్పు ఆఫ్రికాలో ఇలాంటివారిని ఎక్కువగా బలిగొంటున్నది చర్మ క్యాన్సరు. అందుకే టాంజానియాలోని మోషి పట్టణంలో ఉన్న చర్మవైద్య కేంద్రం తానే ఎండ తగలని లేపనం తయారుచేసి పంచుతోంది. పాపకు పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచున్న టోపీ అలవాటు చేయండి. బయటకు వెళ్లేముందు సన్‌స్క్రీన్ రాయండి, చర్మంపై మానని పుండు కనిపిస్తే వెంటనే చూపించండి. చూపు కూడా మందంగా ఉంటుంది కనుక కంటి వైద్యుని చేత అద్దాలు రాయించి, బడిలో ముందు వరసలో, కిటికీ వెలుగు కళ్లలో పడని చోట కూర్చోబెట్టమని ఉపాధ్యాయురాలిని అడగండి.